సింగిల్ యూజ్ బ్యాగు పరీక్షలో తెలియని పీకులు: సమస్య - పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కెమిస్ట్రీలోనో ఫార్మసీలోనో పీజీ చేసి, సరిహద్దు దాటి పైడిభీమవరం, పరవాడ ల్యాబుల్లో చేరిన మనవాళ్లలో కొందరికి ఎక్స్‌ట్రాక్టబుల్స్ పని తగులుతుంది. మందుల తయారీలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ బ్యాగు, ట్యూబు, ఫిల్టరు నుంచి ద్రవంలోకి ఏ రసాయనాలు దిగుతున్నాయో చూడటమే ఆ పని. దీనికోసం అమెరికా మందుల ప్రమాణాల పుస్తకమైన యూఎస్‌పీలో 665 అనే అధ్యాయమే పెట్టారు, 2026 మే 1 అమలు తేదీగా. కాలేజీలో ఇది పెద్దగా చెప్పరు. మొదటి రన్‌లోనే పేరు తెలియని పీకులు (గ్రాఫులో ఒక్కో రసాయనానికి లేచే శిఖరాలు) వస్తే టెన్షన్ మామూలే. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది బ్లాంకుని (బ్యాగు ముక్క తగలకుండా పక్కన ఉంచే ఉత్త సాల్వెంట్‌ని, అంటే ద్రావకాన్ని), ఆ తర్వాతే బ్యాగుని.

సమస్య: జీసీ-ఎంఎస్‌లో 207, 281, 355 అయాన్లతో వరసగా పీకులు.

జీసీ-ఎంఎస్ అంటే ఆవిరయ్యే రసాయనాల్ని విడదీసి, అయాన్ల ద్రవ్యరాశిని బట్టి గుర్తించే యంత్రం. ఈ పీకులు సైక్లిక్ సిలోక్సేన్లు, అంటే సిలికోన్ నుంచి వచ్చే రింగు అణువులు. సిలికోన్ ట్యూబు నుంచి నిజంగానే రావచ్చు. కానీ ఇన్‌జెక్టర్ సెప్టం (సూది దిగే రబ్బరు బిళ్ల), వయల్ (శాంపిల్ పోసే చిన్న సీసా) మూత, కాలమ్ లోపలి పూత కూడా సిలికోన్ సరుకే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు కాకుండా, ఏమీ ఇంజెక్ట్ చేయకుండా ఒక రన్ వేయండి. అప్పుడూ పీకులుంటే తప్పు మెషిన్‌దే, సెప్టం మార్చండి. ఉత్త సాల్వెంట్ పెట్టిన వయల్‌తోనే వస్తే మూతను చూడండి. ఒకసారి సూది దిగిన మూతతో మళ్లీ ఇంజెక్షన్ వద్దు.

సమస్య: ఎల్‌సీ-ఎంఎస్ పాజిటివ్ మోడ్‌లో 338.3.

ఎల్‌సీ-ఎంఎస్ ద్రవంలో కరిగినవాటిని విడదీసి చూసే యంత్రం; పాజిటివ్ మోడ్‌లో ధనావేశ అయాన్లు కనిపిస్తాయి, 338.3 వాటి ద్రవ్యరాశి. ఇది చాలావరకు ఎరుకమైడ్. ఫిల్ములు ఒకదానికొకటి అంటుకోకుండా కలిపే పదార్థం. మీ బ్యాగులోనూ ఉండొచ్చు, శాంపిల్ చుట్టి తెచ్చిన పాలిథిన్ కవర్లోనూ ఉండొచ్చు. రాయగడ నుంచి విశాఖకు రైల్లో శాంపిల్ పంపుతుంటే, అదే సాల్వెంట్‌ని అదే రకం సీసాలో పోసి దాంతోపాటే పంపండి. పరీక్షించాల్సిన ట్యూబు ముక్కల్ని శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్లో చుట్టండి.

సమస్య: ఐసీపీ-ఎంఎస్‌లో శాంపిల్ కంటే బ్లాంకులోనే సిలికాన్, బోరాన్ ఎక్కువ.

ఐసీపీ-ఎంఎస్ అంటే లోహాల వంటి మూలకాల్ని కొలిచే యంత్రం. శాంపిల్ సాల్వెంట్ బ్యాగులో ఉంది, బ్లాంకు గాజు సీసాలో ఉంది. 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ని 40 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచితే బోరోసిలికేట్ గాజును కూడా తినేస్తుంది. లోహాల పరీక్షకు వెళ్లే బ్లాంకుని పీఎఫ్ఏ అనే ప్లాస్టిక్ సీసాలో ఉంచండి.

సమస్య: ఉండాల్సిన ఇర్గాఫాస్ 168 కనిపించదు.

ఇర్గాఫాస్ 168 అంటే ప్లాస్టిక్ పాడవకుండా కలిపే యాంటీఆక్సిడెంట్. కనిపించలేదు కాబట్టి బ్యాగు శుభ్రం అని రాసేయడమే ఇక్కడ అసలు ప్రమాదం. స్టెరిలైజేషన్ కోసం బ్యాగుకి సాధారణంగా 25 నుంచి 40 కిలోగ్రేల గామా కిరణాల మోతాదు ఇస్తారు. ఆ దెబ్బకి ఈ యాంటీఆక్సిడెంట్ ఆక్సీకరణ చెంది ఫాస్ఫేట్‌గా మారుతుంది, కొంత ఇంకా విరిగి బీడీటీబీపీపీ అనే ఆమ్ల ఫాస్ఫేట్ అవుతుంది. ఈ చివరిది సీహెచ్ఓ కణాల (బయోటెక్ మందుల తయారీకి పెంచే హామ్‌స్టర్ కణాలు) పెరుగుదలని చాలా తక్కువ మోతాదులోనే అడ్డుకుంటుందని 2013లో వచ్చిన పరిశోధన చూపింది. అంటే బయోటెక్ మందు చేసేవాళ్లకి బ్యాచ్‌కి బ్యాచ్ పోయినట్టే.

జీసీ-ఎంఎస్ ఒక్కటే నడిపితే ఇది మామూలుగా దొరకదు. ఎల్‌సీ-ఎంఎస్ నెగెటివ్ మోడ్‌లో 473.3 దగ్గర వెతకండి, స్టాండర్డ్‌తో సరిచూడండి. అన్నిటికంటే ముందు, మీకొచ్చిన ముక్క గామా పడిన లాట్‌దేనా అని సప్లయర్‌ని రాతపూర్వకంగా అడగండి. గామా పడని ఫిల్మ్ మీద చేసిన పరీక్ష అసలు వాడకం గురించి ఏమీ చెప్పదు.

సమస్య: ఒకే శాంపిల్ పెట్టిన రెండు సీసాల ఫలితాలు కలవవు.

50 శాతం ఇథనాల్ అయితే ముందు మూత చూడండి, సాల్వెంట్ ఆవిరైపోయి ఉంటుంది. మొదట్లో, చివర్లో సీసా తూకం రాసిపెట్టుకుంటే ఎంత పోయిందో తెలుస్తుంది. తేడా ఎక్కువుంటే ఆ సీసాని లెక్కలోకి తీసుకోకుండా, కారణం రిపోర్టులో రాసి, మళ్లీ పెట్టండి.