ల్యాబ్‌లో రసాయనాలతో జాగ్రత్త – 4వ పాఠం: అల్మారా

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ బెంచీ మీది ఐదు సీసాల సేఫ్టీ డేటా షీట్లు తీసి, మొత్తం 16 విభాగాల్లో 7, 10 మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. 7లో ఎలా నిల్వ చేయాలో ఉంటుంది, 10లో దేనితో కలిస్తే ఏమవుతుందో ఉంటుంది. ఈ పాఠానికి పెట్టుబడి ఆ రెండే. రాయకపోతే ముందు అది చేసి రండి, పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి ప్రయోగాలేమీ లేవు, అల్మారా తలుపు తీసి చూడటమే. పెద్ద పరిశోధన సంస్థలో ఇవాళ జరుగుతున్న రియాక్షన్ మీద పదిమంది కళ్లుంటాయి. గైడ్ అడుగుతారు, పక్క బెంచీవాళ్లు తొంగిచూస్తారు. కానీ ఎవరో ఇండెంట్ పెట్టి తెప్పించుకుని, సగం వాడి, పీహెచ్‌డీ పూర్తయ్యాక వదిలేసి వెళ్లిన సీసాను ఎవరూ పట్టించుకోరు. నాకు టెన్షన్ ఆ సీసాతోనే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో పన్నెండు మందిని బలిగొన్న స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకును ఆ సమయానికి ఎవరూ దేనికీ వాడటం లేదు. లాక్‌డౌన్‌లో ట్యాంకులో ఊరికే నిల్వ ఉందంతే.

కొత్తగా చేరినవాళ్లకు అల్మారా సర్దమని చెబితే చాలామంది ఏ, బీ, సీ, డీ వరసలో పెట్టేస్తారు. వెతుక్కోవడానికి సుఖం, చూడటానికి ముచ్చట. ఆ వరసలో హెచ్ దగ్గర ఒకసారి ఆగండి. హైడ్రజీన్ ఉంటుంది, నాలుగు సీసాల అవతల హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు మెస్సర్‌ష్మిట్ 163 అనే రాకెట్ విమానాన్ని ఎగరేసింది ఈ జంటతోనే. ఒక ట్యాంకులో గాఢమైన పెరాక్సైడ్, ఇంకోదాంట్లో మెథనాల్ కలిపిన హైడ్రజీన్ హైడ్రేట్. రెండూ కలిస్తే చాలు, అగ్గిపుల్లతో పనిలేదు. మన ల్యాబ్‌లో పెరాక్సైడ్ మామూలుగా 30 శాతమే, నిజమే. అయినా ఆ రెంటినీ ఇరుగుపొరుగుగా ఎందుకు పెట్టాలి? అక్షరక్రమం రిజిస్టర్‌లో ఉండనివ్వండి. అల్మారాలో మాత్రం స్వభావాన్ని బట్టి సర్దాలి.

మండే సాల్వెంట్లకు వాటి క్యాబినెట్ వాటిదే. ఆక్సిడైజర్లు, అంటే వేరే పదార్థాలు మండటానికి తోడ్పడేవి, వాటికి దూరంగా ఉండాలి. నీరు తగిలితే రెచ్చిపోయే సోడియం లాంటివి సింకుకు ఆమడ దూరంలో ఉండాలి. సయనైడ్లు యాసిడ్ల దరిదాపుల్లోకి రాకూడదు, ఎందుకో చెప్పక్కర్లేదు: యాసిడ్ పడితే వచ్చేది హైడ్రోజన్ సయనైడ్ వాయువు. ద్రవాలేవీ కంటి ఎత్తుకు మించి పెట్టకండి. ఒక్కో వర్గాన్ని ఒక్కో ప్లాస్టిక్ ట్రేలో ఉంచితే, సీసా కారినా గొడవ ఆ ట్రేలోనే ఆగుతుంది.

ఇంతవరకు ఎవరూ పెద్దగా తప్పు చేయరు. తప్పు జరిగేది యాసిడ్ల అర దగ్గర. పేరులో యాసిడ్ ఉందని ఎసిటిక్‌నీ నైట్రిక్‌నీ ఒకేచోట పెట్టేస్తారు. నైట్రిక్ ఆక్సిడైజర్. గ్లేషియల్ ఎసిటిక్ మండే ద్రవం, దాని ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 39 డిగ్రీల సెల్సియస్. మే నెలలో హైదరాబాద్ ఎండ ఆ అంకెను సులువుగా దాటుతుంది. అందుకని ఎసిటిక్‌ను అక్కణ్నుంచి తీసి వేరే ట్రేలో పెట్టండి.

అల్మారాలో సీసాల భుజాల మీద తెల్లటి సన్నని పొడి కనిపించిందా? దుమ్మని తుడిచేసి ఊరుకోకండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్, అమ్మోనియా ద్రావణం దగ్గరదగ్గరగా ఉంటే మూతల సందుల్లోంచి వచ్చిన ఆవిర్లు కలిసి అమ్మోనియం క్లోరైడ్ అయి అలా పేరుకుంటుంది. మూతలు గట్టిగా బిగించాం కదా అనే భ్రమ అక్కడితో తీరిపోతుంది.

ఇక ఈథర్లు. డైఇథైల్ ఈథర్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), డయాక్సేన్, ఐసోప్రొపైల్ ఈథర్ గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లమెల్లగా పట్టుకుని పెరాక్సైడ్లుగా మారతాయి. కొంత సాల్వెంట్ ఆవిరైతే మిగిలినదాంట్లో అవి చిక్కబడతాయి, అడుగంటా డిస్టిల్ చేస్తే పేలతాయి. అందుకే చాలా రకాల టీహెచ్‌ఎఫ్‌లో కంపెనీవాళ్లు పెరాక్సైడ్లు పుట్టకుండా ఆపే బీహెచ్‌టీ కలిపి పంపుతారు, మామూలుగా 250 పీపీఎం (పది లక్షల్లో 250 వంతులు). కొన్ని తినుబండారాల్లో నూనె కంపు కొట్టకుండా కలిపేది కూడా అదే. మనం సోడియం మీద డిస్టిల్ చేస్తే టీహెచ్‌ఎఫ్ పైకి వస్తుంది, బీహెచ్‌టీ కింద ఫ్లాస్కులో ఉండిపోతుంది. అంటే బాగా శుద్ధి చేశామని మురిసిపోయే సీసాకే కాపలా లేకుండా పోతుంది.

నేను చేరిన కొత్తలో నాకిచ్చిన ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు) కింది అరలో గోధుమరంగు సీసా ఒకటి దొరికింది. మాస్కింగ్ టేప్ మీద 'డిస్టిల్డ్ టీహెచ్‌ఎఫ్' అని ఉంది. తేదీ లేదు, రాసినవాళ్ల పేరూ లేదు. మూత అంచు చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి గీత. లోపల ఎంతుందో చూద్దామని మూత మీద చెయ్యి వేశాను. "బాబూ, తిప్పకు. చెయ్యి తీసేసి ఇవతలికి రా" అన్నారు వెనకనుంచి మా ల్యాబ్ అటెండర్. ఆయనకు కెమిస్ట్రీ డిగ్రీ లేదు. మూత మరల్లో చేరిన పెరాక్సైడ్ స్ఫటికాలు ఆ తిప్పే ఒరిపిడికే పేలవచ్చని నాకు ఆయన చెప్పాకే తెలిసింది. అర తలుపు మెల్లగా మూసి, 'తెరవొద్దు' అని కాగితం అంటించి, సేఫ్టీ ఆఫీసర్‌కు ఫోన్ చేయించారు.

కాబట్టి ప్రతి ఈథర్ సీసా మీదా రెండు తేదీలు రాయండి: వచ్చినది, తెరిచినది. తెరిచాక ఐసోప్రొపైల్ ఈథర్ నా దగ్గర 3 నెలలకు మించి ఉండదు, మిగతావాటికి 6 నెలలకోసారి పరీక్ష. మీ సంస్థ నియమం ఇంకా కఠినంగా ఉంటే అదే పాటించండి. డిస్టిల్ చేసినది ఆ రోజుకు సరిపడానే తీసుకోండి. పరీక్ష తేలిక. పెరాక్సైడ్ స్ట్రిప్‌ను ఒక్క సెకను ముంచి తీయండి, సాల్వెంట్ ఆరాక ఒక చుక్క నీరు వేయండి. నీలంగా మారితే డబ్బా మీది రంగులతో పోల్చండి. 100 పీపీఎం దాటితే వాడకూడదని చాలాచోట్ల నియమం. పాత సీసాకో, స్ఫటికాలు కనిపిస్తున్నదానికో ఈ పరీక్ష వద్దు, ఎందుకంటే దానికి ముందు మూత తీయాలి కదా.

డైఇథైల్ ఈథర్‌ను ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో పెట్టకండి. దాని ఫ్లాష్ పాయింట్ మైనస్ 45 డిగ్రీలు, ఫ్రిజ్ చల్లదనం దానికి ఓ లెక్క కాదు. థర్మోస్టాట్ స్పార్క్ ఒక్కటి చాలు.

ఈ వారం పని: ఒకే ఒక్క అర ఎంచుకోండి. సర్దకముందు ఫోన్‌లో ఫొటో తీయండి. సీసాల పేర్లు రాసి, 10వ విభాగం చూసి, పక్కపక్కన ఉండకూడని జంటలకు ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. తేదీ లేని ఈథర్ ఎదురైతే కదపకుండా సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పండి. వచ్చే పాఠం వేస్ట్ క్యాన్ గురించి. నైట్రిక్ యాసిడ్ పోసిన క్యాన్‌లో ఎసిటోన్ పోస్తే ఏమవుతుందో ఈలోగా కాగితం మీద ఆలోచించి ఉంచండి. కాగితం మీద మాత్రమే.