మధుమేహం ఉన్నవారికి పేగు ఆపరేషన్ తర్వాత లోపలి అతుకు మానాలంటే

పేగులో కొంత భాగం తీసివేసి మిగిలిన కొనలను కలిపి కుట్టినప్పుడు రోగికి రెండు గాయాలు ఉంటాయి. కట్టు మార్చేవారు పొట్టమీది గాయాన్ని చూసి బాగానే మానుతోందని తృప్తిపడతారు కాని, ఎక్కువ జాగ్రత్త కావలసింది కంటికి కనపడని పేగు అతుకుకే. తొలి మూడు నాలుగు రోజులు అక్కడి పాత కొల్లాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రొటీన్) కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడక, అతుకు దాదాపు కుట్ల బలంమీదే నిలుస్తుంది. ఆ సమయంలో రక్తంలో చక్కెర పెరిగితే తెల్లకణాలు సూక్ష్మజీవులను సరిగా ఎదుర్కోలేవు, కొత్త కణజాలమూ నెమ్మదిస్తుంది.

అత్యవసరం కాని ఆపరేషన్ అయితే, హెచ్‌బీఏ1సీని (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే పరీక్ష) 8 శాతంలోపుకు తేగల వ్యవధి ఉందేమో సర్జన్‌ను అడగాలి. పొగతాగేవారు కనీసం 4 వారాల ముందే మానాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలను సాధారణంగా 3 రోజుల ముందు ఆపిస్తారు కాబట్టి, వాడే మందులన్నిటి పేర్లూ ముందే చెప్పాలి. ఆసుపత్రిలో చక్కెరను డెసిలీటరుకు 100 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడానికి చూస్తారు.

ఇంటికి వచ్చాకే అసలు చిక్కు. బెంగళూరులో షుగర్ అనగానే రాగిముద్ద, ఆకుకూరలు, కోసంబరి పెడతాం. ఏళ్లుగా మేలు చేసిన ఆ పీచే తొలి వారాల్లో కొందరి పేగుకు భారం కావచ్చు. సర్జన్ పీచు తగ్గించమన్నంతకాలం మెత్తటి అన్నం కొద్దికొద్దిగా ఐదారుసార్లు, ప్రతిసారీ గుడ్డో చేపో పెరుగో జతచేసి పెట్టడం మేలు. కిడ్నీ జబ్బు లేనివారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే కనుక, పలచటి పెసరకట్టుతో సరిపెడితే (మన ఇళ్లలో జరిగేది ఇదే) చాలదు.

తిండి తగ్గినప్పుడు పాత మోతాదులోనే ఇన్సులిన్ వేస్తే చక్కెర పడిపోతుంది. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనకూడదు. 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఆరు వారాలపాటు వేరొకరే ఎత్తాలి.

జ్వరం, గుండెదడ, పొట్ట ఉబ్బరం, పెరుగుతున్న నొప్పి, వాంతులు కనిపించినా, కారణం తెలియకుండా చక్కెర ఎగబాకినా, పైగాయం ఎంత శుభ్రంగా ఉన్నా సరే, లోపలి అతుకు లీకవుతూ ఉండవచ్చు కనుక, తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, డిశ్చార్జ్ కాగితాలు, చక్కెర రీడింగులు రాసుకున్న పుస్తకం వెంట తీసుకుని బయలుదేరాలి.