పెరట్లో చెర్రీ బ్లాసమ్ పెట్టాలనుకుంటే ముందు చెట్టు మొదలు సంగతి చూడండి

మార్చి చివర్లో వాషింగ్టన్ డీసీ టైడల్ బేసిన్ చెర్రీ పూల ఫొటోలు, ఇంకో రెండు వారాలకి న్యూజెర్సీ వాళ్ల నుంచి న్యూవార్క్ బ్రాంచ్ బ్రూక్ పార్క్ ఫొటోలు, అవి చూసి ఆ వీకెండే నర్సరీకి వెళ్లి పూలతో ఉన్న మొక్క కార్లో పడేసుకుని వచ్చేవాళ్లు అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. మంచిదే, కాకపోతే ఈ చెట్టు చచ్చేది ఎక్కువగా పైన వచ్చే రోగాలతో కాదండి, కింద మనం చేసే పనులతో, అంటే లోతుగా పాతడం, నీళ్లు నిలవడం, మొదలుకి గడ్డి కోసే ట్రిమ్మర్ తగలడం.

ముందు ఏ రకమో తేల్చుకోండి. యోషినో తెల్లగా లేత గులాబీ రంగులో రేకు పూలు, డీసీలో ఎక్కువ కనిపించేది ఇదే. క్వాన్జాన్ ముద్ద పూలు, ముదురు పింక్, యోషినో తర్వాత సుమారు రెండు వారాలకి పూస్తుంది కాబట్టి లేటుగా పడే మంచు నుంచి కొంచెం తప్పించుకుంటుంది. రెండూ 30 అడుగుల దాకా పెరుగుతాయి, అడ్డం కూడా దాదాపు అంతే, అందుకే గోడకి 15-20 అడుగులైనా దూరం ఉండాలి. టౌన్‌హౌస్ ముందు రెండు గజాల జాగాలో క్వాన్జాన్ పెట్టకండి, కొమ్మలు కిందకి వాలే చిన్న రకం ఏదైనా చూసుకోండి, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ముందే అడగండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు "పండ్లు ఎప్పుడు కాస్తుంది" అని కచ్చితంగా అడుగుతారు, క్వాన్జాన్‌కి కాయలు దాదాపు రావు, యోషినోకి వచ్చే చిన్న నల్ల కాయలు చేదు, అవి పిట్టలకే.

హైదరాబాద్‌లో పెంచొచ్చా అని అడుగుతుంటారు, వద్దు. దీనికి చలికాలంలో వారాల తరబడి గట్టి చలి కావాలి, అది లేకపోతే మొగ్గలు సరిగ్గా విచ్చవు. షిల్లాంగ్‌లో నవంబర్‌లో పూసేది హిమాలయన్ చెర్రీ, అది వేరే జాతి. హైదరాబాద్‌లో పింక్ పూలే కావాలంటే టబేబుయా రోజియా అనే చెట్టు హాయిగా పెరుగుతుంది.

ఇక చోటు. రోజుకి ఆరు గంటలైనా ఎండ పడాలి, నీళ్లు అసలు నిలవకూడదు. కొత్త ఇళ్ల దగ్గర బిల్డర్లు పైమట్టి లాగేసి కింద జిగురుమట్టి మీదే లాన్ పరిచేస్తారు, అందుకని ఒక అడుగు గుంత తవ్వి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి, తెల్లారినా నీళ్లు అలాగే ఉంటే ఆ చోటు వదిలేయండి. అన్నట్టు తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యాలి, గ్యాస్, కరెంట్ లైన్లు ఎక్కడున్నాయో ఫ్రీగా వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు.

కొనేటప్పుడు పూలు కాదు, కాండం, వేళ్లు చూడండి, బంక కారుతున్నా కుండీలో వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉన్నా ఇంకో మొక్క తీసుకోండి. 1910లో జపాన్ నుంచి డీసీకి వచ్చిన మొదటి 2,000 చెట్లని పురుగులు, తెగుళ్లు ఉన్నాయని తగలబెట్టించారు, 1912లో మళ్లీ 3,020 వచ్చాయి.

నాటడానికి ఆకులు రాలాక గానీ వసంతం మొదట్లో గానీ మంచిది. గుంత వేళ్ల ముద్దకి రెండు మూడింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎంత ఉంటే అంతే. కాండం కింద వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు ఉంటుంది చూశారా, అది మట్టి పైకి కనపడాలి, నర్సరీ వాళ్లే దాన్ని మట్టితో కప్పేసి అమ్ముతుంటారు కాబట్టి చేత్తో తీసి చూసుకోండి. గోనెపట్టా, తీగ బుట్ట ఉంటే పైభాగం కోసి తీసేయండి. తవ్విన మట్టితోనే పూడ్చండి, మొదటి ఏడాది ఎరువు వద్దు. పాదు చేసి మల్చ్ (నేల మీద పరిచే చెక్క పొట్టు) రెండు మూడు అంగుళాలు వేయండి, కాండానికి తగలకుండా. ఇక్కడ లాన్ కాంట్రాక్టర్లు మల్చ్‌ని చెట్టు చుట్టూ చీమల పుట్టలా ఎత్తుగా పోసేస్తారు, దాంతో బెరడు కుళ్లుతుంది, వాళ్లు వెళ్లాక మీరే వెనక్కి లాగేయండి.

నీళ్లు మొదటి రెండేళ్లు వానలు లేనప్పుడు వారానికి ఓ పది గ్యాలన్లు నెమ్మదిగా ఇంకేలా పోయండి, రోజూ స్ప్రింక్లర్ కొట్టడం దీనికి పడదు.

కొమ్మలు కత్తిరించడం పూలు రాలిపోయిన వెంటనే, పొడిగా ఉన్న రోజు చూసి. వచ్చే ఏడాది మొగ్గలు వేసవిలోనే కట్టేస్తాయి, చలికాలంలో కోస్తే పూలూ పోతాయి, తడికి తెగుళ్లూ ఎక్కుతాయి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీస్తే చాలు. వాలు రకాల్లో అంటు దగ్గర నుంచి నిటారుగా లేచే కొమ్మలు, మొదలు దగ్గర వచ్చే పిలకలు మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాలి, వదిలేస్తే అవే చెట్టయి కూర్చుంటాయి.

కాండం మీద బంక కనపడితే కంగారు పడకండి, దెబ్బకీ వస్తుంది. నేల దగ్గర బంకలో రంపపు పొట్టు కలిసి ఉంటే మాత్రం తొలిచే పురుగు లోపలుంది, అప్పుడు ఆర్బరిస్ట్‌ని, అంటే చెట్ల నిపుణుణ్ని పిలవాల్సిందే. జూన్, జులైలో జపనీస్ బీటిల్స్ అనే పురుగులు వచ్చి ఆకుల్ని జల్లెడ చేస్తాయి, పొద్దున్నే సబ్బు నీళ్ల బకెట్‌లోకి దులిపేయండి, షాపులో అమ్మే ట్రాప్ పెడితే పక్కింటివి కూడా మీ పెరట్లోకే వస్తాయి. వేసవి మధ్యలో ఆకులు పసుపై మచ్చలతో రాలితే ఫంగస్, రాలినవన్నీ ఊడ్చి పారేయండి. ఆకులు రాలే కాలంలో మగ జింకలు కొమ్ములు రాసి బెరడు చీల్చేస్తాయి, కాండం చుట్టూ వదులుగా మెష్ కట్టి వసంతంలో విప్పేయండి, పనిలో పని నర్సరీ ట్యాగ్ తీగ కొమ్మకి ఇంకా ఉందేమో చూసి అదీ తీసేయండి.