అమెరికన్ నవల మీద సమీక్ష రాసేటప్పుడు

ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద కొన్న నెల్లా లార్సెన్ నవల ‘పాసింగ్’ (1929) గురించి సమీక్ష రాస్తూ, మొదటి వాక్యంలోనే ‘అస్తిత్వవాదం’ అన్నాను. అనుబంధం చూసే ఉపసంపాదకుడు ఫోన్ చేసి, “అంటే సార్త్రా మేడమ్, స్త్రీవాదమా?” అని అడిగారు. ఫ్రెంచి తాత్వికుడు సార్త్ర్ చెప్పిన ఎగ్జిస్టెన్షియలిజానికీ, స్త్రీవాదం లాంటి గుర్తింపు వాదాలకూ, తెలుగులో ఆ మాటను రెండింటికీ వాడేస్తున్నాం మరి. అందుకే మొదటి పేరాలో వాదాల పేర్లు రానివ్వకండి. ఒక దృశ్యంతో మొదలుపెట్టండి.

దృశ్యం దొరకాలంటే పెన్సిల్ పట్టుకుని రెండోసారి చదవాలి. ఎవరు ఎవరిని చూస్తున్నారో, అక్కడల్లా అంచున గీత పెట్టండి. ఈ నవలలో ఐరీన్ ఆగస్టు ఎండకు తాళలేక షికాగోలో ఒక హోటల్ మేడ మీదికి టీ తాగడానికి వెళుతుంది. నల్లజాతి స్త్రీ, కానీ చూసేవారికి తెల్లామె. పక్క బల్ల దగ్గరి స్త్రీ తననే రెప్ప వేయకుండా చూస్తుంటే, జాతి పసిగట్టిందేమోనని బెదురు. తీరా చూస్తే ఆమె చిన్ననాటి స్నేహితురాలు క్లేర్. తనూ నల్లజాతిదే, ఆ సంగతి దాచి తెల్లవాడిని పెళ్లాడింది. జాతి, ఆడతనం, డబ్బు, మూడూ ఆ చూపులోనే ఉన్నాయి. సమీక్షలో సగం దీనికే ఇచ్చినా తప్పులేదు.

కథంతా ఐరీన్ కళ్లతోనే నడుస్తుంది. తన భర్తకు క్లేర్‌తో సంబంధం ఉందన్నది ఆమె అనుమానం మాత్రమే. నేను దాన్ని జరిగిన విషయంగా రాసి తల దించుకున్నాను. “ఐరీన్ అనుకుంటుంది” అని చేర్చడానికి రెండు మాటలు చాలు. చివరి అధ్యాయంలో ఒక కిటికీ ఉంది. అంతకుమించి నేను చెప్పను, మీరూ చెప్పకండి.

‘పాసింగ్’ అంటే మనవాళ్లకు పరీక్షలే గుర్తొస్తాయి. తెల్లవారిగా చెలామణి కావడం అని ఒకసారి విప్పి చెప్పండి. ఇక పోలిక. విద్యానగర్‌లో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు యజమానురాలు ఇంటిపేరు అడిగితే మావారు నసిగిన సంగతి నేను ఒక వాక్యంలో రాశాను, అక్కడే ఆపాను. ఇంకా సాగదీస్తే వాళ్ల జాతి, మన కులం ఒకటేనన్న ధోరణిలో పడతాం. 1924లో వర్జీనియా రాష్ట్రం తెల్లవారికీ ఇతరులకూ పెళ్లిళ్లు నిషేధిస్తూ చేసిన చట్టం లాంటివి కనుమరుగవుతాయి. ఆ చట్టం గురించి ఒక వాక్యం ఉండాల్సిందే. చోటు చాలకపోతే అట్ట బాగుంది, అచ్చుతప్పులు లేవు అనే పేరా కొట్టేయండి.