ఇటలీలో నేపుల్స్ నడిబొడ్డున చిన్న హోటల్లో దిగుతున్నారా?

మొదటి రాత్రి మా అక్క నిద్రపోలేదు. నేనూ పోలేదు గానీ, ఆ హోటల్ వెతికి పట్టుకున్నది నేనే కాబట్టి కళ్ళు మూసుకుని పడుకున్నాను. కిటికీ కింద వియా దెయ్ త్రిబునాలి వీధి. ఒంటిగంటన్నరకి స్కూటర్ హారన్లు, రెండింటికి ఎక్కడో టపాసులు, మూడింటికి ఖాళీ సీసాలు గుమ్మరించిన చప్పుడు. ఇక సద్దుమణిగిందిలే అనుకునేసరికి తెల్లారి చర్చి గంటలు. "గది బానే ఉందే, వీధే వచ్చి మంచమ్మీద పడుకుంది" అంది అక్క, లేస్తూనే.

ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినదాన్ని. బుక్ చేసేముందు రేటు చూశాను, రివ్యూలు చదివాను, క్యాన్సిలేషన్ గడువు డైరీలో రాసుకున్నాను. ఒక్కటే అడగలేదు: గది కిటికీ ఎటువైపు తెరుచుకుంటుంది? ఐదు రాత్రులుండి వచ్చాక చెప్తున్నాను, నేపుల్స్ పాత ఊళ్ళో హోటల్ తీసుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఎందుకంటే అక్కడి వీధులు గ్రీకులు గీసినవి. దాదాపు 2500 ఏళ్ళ క్రితం వాళ్ళు నియాపోలిస్ అని ఊరు కట్టినప్పుడు తూర్పు పడమరలుగా మూడు పొడవాటి వీధులు, వాటిని అడ్డంగా కోసే సన్నటి సందులు వేశారు. ఆ గీతల మీదే ఊరు ఇప్పటికీ నడుస్తోంది. త్రిబునాలి మధ్య వీధి. దక్షిణాన ఊరిని కత్తితో కోసినట్టు కనిపించేది స్పక్కనాపోలి, ఉత్తరాన ఉన్నది అంతికాల్యా. వెడల్పు చూస్తే చేతులు బార్లా చాపిన మనుషులు నలుగురైదుగురు పట్టేంత. రెండు పక్కలా ఐదారంతస్తుల రాతి భవనాలు. కింద ఎవరైనా గట్టిగా నవ్వితే ఆ నవ్వు పోవడానికి దారి లేక, గోడలకి తగిలి తగిలి పైకే వస్తుంది.

అయితే ఈ భవనాల్లో చాలావాటికి లోపల ఒక చావడి ఉంటుంది, చుట్టూ గోడలు, పైన ఆకాశం కనిపించే లోగిలి. కోర్తీలె అంటారు. చిన్న హోటళ్ళు ఇలాంటి పాత భవనంలో ఏదో ఒక అంతస్తులోనే ఉంటాయి. మిగతా అంతస్తుల్లో కుటుంబాలు, ఒక వకీలు ఆఫీసు, ఒక పళ్ళ డాక్టరు. రెండో రోజు పొద్దున్న డెస్క్ దగ్గరి అబ్బాయికి దండం పెట్టినంత పని చేసి చావడి వైపు గదికి మారాం. అదే అంతస్తు, అదే రేటు, ఇద్దరికీ కలిపి రాత్రికి 95 యూరోలు. వీధి చప్పుడు పెళ్ళివారింటి నుంచి నాలుగిళ్ళ అవతలికి వచ్చేసినట్టు తగ్గిపోయింది. బుక్ చేసినరోజే ఒక మెసేజ్ పెట్టండి: "కామెరా సుల్ కోర్తీలె, పెర్ ఫవోరె." చావడి వైపు గది, దయచేసి అని. వాళ్ళకి ఇది రోజూ వినే కోరికే.

చావడి వైపు గదికి ఒక లోటుంది, వెలుతురు తక్కువ. ఒకటి రెండు అంతస్తుల్లో మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. మూడో అంతస్తు, ఆపైన అడగండి. అలా అడిగితే లిఫ్ట్ సంగతి వస్తుంది. మా అక్కకి మోకాళ్ళ నొప్పులు, మెట్లన్నీ పిపెర్నో అనే బూడిదరంగు రాయి, ఒక్కొక్కటీ పిల్లల స్టూలంత ఎత్తు. మా భవనంలో లిఫ్ట్ ఉంది. లోపల గోడకి చిన్న ఇనప డబ్బా, దానిలో 10 సెంట్ల నాణెం వేస్తేనే కదులుతుంది! నివాసం ఉండేవాళ్ళకి తాళంచెవి ఉంటుంది, వచ్చిపోయేవాళ్ళు నాణెం వెయ్యాలి. నేపుల్స్ పాత భవనాల్లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. హోటల్‌వాళ్ళు అతిథులకి తాళంచెవి ఇస్తారేమో ముందే అడగండి. మాకు ఒకటే ఇచ్చారు, అది ఎప్పుడూ రెండోవాళ్ళ బ్యాగులోనే ఉండేది. నాణేలు మాత్రం ఒక చిన్న సంచీలో విడిగా దాచుకున్నాం. లిఫ్ట్ ఇద్దరికే సరిపోతుంది, సూట్‌కేసు మూడో మనిషి కింద లెక్క.

ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు స్నేహితులో వెళ్తుంటే మంచాల మాట తేల్చుకోండి. మత్రిమోనియాలె అంటే ఒకే పెద్ద మంచం, దోప్పియా అంటే రెండు విడి మంచాలు. కానీ బుకింగ్ సైట్లలో 'డబుల్' అని నొక్కితే చాలాసార్లు వచ్చేది మొదటిదే. 'దువే లెత్తి సెపరాతి', రెండు వేరువేరు మంచాలు, అని మెసేజ్‌లో చేర్చండి. నేను చేర్చలేదు. మా అక్క నిద్రలో దుప్పటి మొత్తం చుట్టేసుకుంటుందని అరవై ఏళ్ళకి గుర్తొచ్చింది.

చేరుకోవడం గురించి. కపొదికీనో విమానాశ్రయం ఊరికి దగ్గరే. అలీబస్ అనే బస్సు 5 యూరోలకి గరిబాల్ది స్టేషన్‌కి, అక్కడినుంచి ఓడరేవుకి తీసుకెళ్తుంది. సామాను ఎక్కువుంటే టాక్సీయే మేలు. నగరపాలక సంస్థ కొన్ని దారులకి స్థిరమైన రేట్లు పెట్టింది, కాకపోతే ఎక్కేముందే "తరిఫ్ఫా ప్రెదెతెర్మినాతా" అని అడగాలి. కూర్చుని మీటరు తిరగడం మొదలయ్యాక అడిగితే చెల్లదు. ఆ టాక్సీ కూడా మీ గుమ్మం దాకా రాకపోవచ్చు. చివరి వంద గజాలు నల్లటి లావా రాతి పలకల మీద పెట్టె లాగాల్సిందే. ఆ పలకల మధ్య సందుల్లో చిన్న చక్రాలు దిగబడిపోతాయి. పెద్ద చక్రాల పెట్టె తీసుకెళ్ళండి, లేదంటే భుజానికి తగిలించుకునేది.

గుమ్మం దొరకడం ఇంకో ఘట్టం. పైన ఎక్కడా హోటల్ బోర్డు వెలగదు. ఏనుగు పట్టేంత చెక్క తలుపు, దాన్ని పోర్తోనె అంటారు. దానిలోనే మనిషి పట్టేంత చిన్న తలుపు కోసి ఉంటుంది. దాని అడుగు చెక్క మోకాలి కింద దాకా ఉంటుంది. కాలెత్తి దాటాలి, అదే సమయంలో తల వంచాలి. రెండూ ఒకేసారి కుదరక మా అక్క ముంగాలికి దెబ్బ తగిలించుకుంది. పక్కన ఇత్తడి పలక మీద బటన్ల వరస ఉంటుంది, దాన్ని చితోఫోనో అంటారు. ఇళ్ళ పేర్ల మధ్య హోటల్ పేరు చీమంత అక్షరాల్లో. అడ్రసులో 'స్కాలా' అని ఉంటే ఎన్నో మెట్లదారి అని అర్థం. చావడిలోకి వెళ్ళాక రెండు మెట్లదార్లు కనిపిస్తాయి, తప్పుదారిలో నాలుగంతస్తులు ఎక్కి దిగే ఓపిక మీకుంటే సరే. డెస్క్ దగ్గర రాత్రంతా మనిషి ఉండకపోవచ్చు కనక, ఆలస్యంగా దిగే విమానమైతే ఆ మాట ముందే వాట్సాప్ చేసి, ఎవరు తలుపు తీస్తారో రాయించుకోండి.

లోపలికెళ్ళగానే పాస్‌పోర్టులు అడుగుతారు. కంగారు పడక్కర్లేదు, దిగినవాళ్ళ వివరాలు 24 గంటల్లోగా పోలీసులకి ఆన్‌లైన్‌లో పంపాలని అక్కడి చట్టం. తర్వాత ఊరి పన్ను అడుగుతారు, తస్సా ది సొజ్జోర్నో. తలకింత, రాత్రికింత, హోటల్ స్థాయిని బట్టి. ఆన్‌లైన్‌లో కట్టిన అద్దెలో ఇది సాధారణంగా కలిసి ఉండదు, చాలాచోట్ల నగదుగా తీసుకుంటారు. రసీదు అడిగి తీసుకోండి. నేను అడిగితే ఆ అబ్బాయి నవ్వి వెంటనే రాసిచ్చాడు. ఇంకోటి, హోటలైనా అద్దె గదైనా 2025 నుంచి ఇటలీలో ప్రతి బసకీ సి.ఐ.ఎన్. అనే గుర్తింపు నంబరు ఉండాలి, ప్రకటనలోనూ గుమ్మం దగ్గరా చూపించాలి. అది లేని ప్రకటన కనిపిస్తే నేనైతే దాటేస్తాను.

స్నానాల గదిలో షవర్ పక్కన ఒక తాడు వేలాడుతుంటుంది. దాన్ని లాగకండి. మా అక్క దాన్ని బట్టలారేసుకునే తాడనుకుంది. నిజంగానే కొన్ని హోటళ్ళలో టబ్బు పైన గోడలోంచి లాగే ఆరేసుకునే తాడు కూడా ఉంటుంది మరి. చీర జాకెట్టు చేత్తో పట్టుకుని తాడు గట్టిగా లాగింది. నిమిషంలో తలుపు దబదబ. కింద గంట మోగిందట, లోపల మనిషి పడిపోయిందని ఆ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "తుత్తో బెనె, సిన్యోరా?" అంతా బానే ఉందా అమ్మా, అంటూ. ఆ తాడు ఆపదకి. ప్లగ్గు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సన్నటి రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్లు దూరతాయి, మన లావు మూడు పిన్నులవి దూరవు. అడాప్టర్ తీసుకెళ్ళండి. గోడలు మందపాటి టఫ్ రాయి, అంటే అగ్నిపర్వతం బూడిద గట్టిపడిన రాయి, కాబట్టి వైఫై గదిలోకి వచ్చేసరికి నీరసించిపోతుంది, మాకు తలుపు దగ్గర కుర్చీ వేసుకుంటేనే అందింది.

ఆ రాయి ఎక్కడిదో తెలిశాక నాకు గోడ మీద గౌరవం పెరిగింది. ఊరి కిందనుంచే తవ్వి, ఊరి పైన కట్టారు. తవ్విన గుహలు దాదాపు 40 మీటర్ల లోతున ఇంకా ఉన్నాయి. వందల ఏళ్ళు వాటిలోనే తాగునీరు పారింది. 1884లో కలరా వచ్చి వేలమందిని మింగాక, మరుసటి ఏడు సెరీనో నుంచి కొత్త నీళ్ళు తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడుతుంటే జనం ఆ గుహల్లోనే తలదాచుకున్నారు. త్రిబునాలి వీధిలోనే శాన్ గయెతానో కూడలి దగ్గర దిగి చూడొచ్చు. ఒకచోట చిన్న దీపం పట్టుకుని పక్కకి తిరిగి నడవాలి. అక్క పైనే కూర్చుంది.

నడిబొడ్డున హోటల్ తీసుకున్న డబ్బు గిట్టుబాటయ్యేది మధ్యాహ్నం. అక్కడ ఆ వేళకి కోంత్రోరా అని పేరే ఉంది. చాలా చర్చిలు ఒంటిగంట ప్రాంతంలో మూసి, నాలుగు తర్వాత తెరుస్తారు. ఊరి బయట దిగినవాళ్ళు ఆ మూడు గంటలూ మెట్ల మీద కూలబడతారు. మేం ఐదు నిమిషాల్లో గదికొచ్చి కాళ్ళు చాపేవాళ్ళం. కిటికీ తలుపులు ఓరగా వేస్తే చావడి మొత్తం వినిపించేది. ఒకరోజు నాలుగో అంతస్తు పెద్దావిడ తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట కిందకి వదిలింది. బుట్టలో మడిచిన నోటు. కింద కుర్రాడు నోటు తీసి, రొట్టె, సిగరెట్ పెట్టె, చిల్లర వేసి తాడు రెండుసార్లు లాగాడు. బుట్ట మా కిటికీ ముందునుంచి గోడకి తగలకుండా, ఒక్క ఊగు కూడా ఊగకుండా పైకి పోయింది. "ఆవిడ మోకాళ్ళకి ఉపాయం దొరికింది" అంది అక్క.

పొద్దుటి టిఫిన్ మీద ఆశ పెట్టుకోకండి. చిన్న హోటల్లో ఇచ్చేది తీపి కొర్నెత్తో, కాఫీ. కొందరు ఎదురుగా ఉన్న బార్‌కి చీటీ రాసిస్తారు. బార్ అంటే అక్కడ కాఫీ కొట్టు. చాలాచోట్ల ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి, చీటీ తెచ్చి కౌంటరు మీద పెట్టాలి. ముందు గ్లాసుడు నీళ్ళిస్తారు, అవి కాఫీకి ముందే తాగడం అక్కడి పద్ధతి. నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. శాకాహారులకి ఒక హెచ్చరిక. స్ఫొల్యతెల్ల అనే పొరల మిఠాయి చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, ఆ పొరలు సంప్రదాయంగా పంది కొవ్వుతో చేస్తారు. "స్త్రుత్తో?" అని అడగండి. పప్పు గింజల పాస్తాలోనూ మాంసం ముక్క ఉండొచ్చు. పిజ్జాల్లో మరినారా అంటే టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె అంతే, చీజ్ కూడా ఉండదు.

తేదీల విషయంలో రెండు మాటలు. మంగళవారం పురావస్తు మ్యూజియమూ, సన్సెవెరో చాపెలూ రెండూ మూత. పాంపేయి రైలు ఆరోజుకి పెట్టుకోండి, గరిబాల్ది నుంచి చిర్కుంవెసువియానా బండి. 1753లో సన్మర్తీనో చెక్కిన, మేలిముసుగు కప్పిన క్రీస్తు విగ్రహం ఆ చాపెల్లోనే ఉంది. పాలరాతిని పల్చటి గుడ్డ చేసిన చెయ్యి అది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనకపోతే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావాలి. సెప్టెంబర్ 19, శాన్ జెన్నారో పండుగ. కథెడ్రల్ చుట్టుపక్కల ఇసకేస్తే రాలరు. డిసెంబర్‌లో, క్రీస్తు పుట్టిన ఘట్టాన్ని బొమ్మల కొలువుగా చేసి అమ్మే వీధి శాన్ గ్రెగోరియో అర్మేనోలో కాలు పెట్టే చోటుండదు. మేం వెళ్ళిన అక్టోబర్ మొదటివారంలో ఆ వీధిలో కార్క్ చెక్క మీద కొండలు అతికిస్తున్న ముసలాయన పక్కన పావుగంట నిలబడినా ఎవరూ తొయ్యలేదు.

ఖాళీ చేసేరోజు పదకొండుకి గది వదలమంటారు, సామాను సాయంత్రం దాకా డెస్క్ వెనక పెట్టుకోనిస్తారు. మా విమానం తెల్లవారుజామున. పన్ను, అద్దె అంతా ముందురాత్రే సరిచూసుకుని, తాళాలు చెప్పిన డబ్బాలో వేసి, ఐదింటికి కిందకి దిగాం. టాక్సీ బయట ఆగిన చప్పుడు వినపడుతోంది. తలుపు తెరుచుకోదు. పిడి లేదు, గొళ్ళెం లేదు, తాళాలు పైన డబ్బాలో. ఇద్దరం చీకట్లో గోడ తడుముకుంటున్నాం. ఆ తలుపు లోపలినుంచి తెరవడానికి గోడ మీద బటన్ ఉంటుంది, తలుపుకి రెండు మూడు గజాల దూరంలో, ఒక్కోసారి లైటు స్విచ్ పక్కనే. ముందు లైటు వెలిగింది, తర్వాత ఎవరింట్లోనో గంట మోగింది, మూడోసారి నొక్కింది తలుపుది. చేరినరోజే, వెలుతురుండగానే, అది ఎక్కడుందో చూసిపెట్టుకోండి.