కాపడం తర్వాతి అరగంట: పాత నడుము నొప్పికి ఇంటి సాధన

బెంగళూరులో నడుము నొప్పితో ఉన్న మనవాళ్లు చాలామంది ఆఫీసు నుంచి రాగానే వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకుంటారు. హాయిగా ఉంటుంది, నిద్ర పట్టేస్తుంది. తెల్లారేసరికి నడుము మళ్లీ పట్టేసి ఉంటుంది. వేడి పనిచేయక కాదు. వేడి కండరాన్ని వదులు చేసి, నొప్పిని కాసేపు మెత్తబరుస్తుంది. ఆ కాసేపూ నిద్రలో పోతోంది. మూడు నెలలు దాటిన నడుము నొప్పికి అసలు వైద్యం కదలికే. కాపడం ఆ కదలికకు తలుపు తీస్తుంది, అంతే. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: పావుగంట కాపడం, వెంటనే అరగంట వ్యాయామం, ఆ తర్వాతే విశ్రాంతి.

మొదలుపెట్టే ముందు కొన్ని చూసుకోవాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యం చేయకూడదు. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్దవయసులో కిందపడ్డాక వచ్చిన నొప్పి ఉన్నా ముందు డాక్టరుకు చూపించండి. 45 ఏళ్లలోపు వాళ్లకు పొద్దున అరగంటకు పైగా బిగుసుకుపోయి, పడుకుంటే పెరిగి, తిరుగుతుంటే తగ్గే నొప్పి అయితే అది కీళ్లవాతం రకం కావచ్చు. రుమటాలజిస్టుకు చూపించుకోవాలి.

ఇవేవీ లేకుండా ఎమ్మారై రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు బయటికి ఉబ్బడం) అని చూసి భయపడి కూర్చున్నారా? ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కాన్లలో కూడా 20 ఏళ్ల వయసులోనే దాదాపు 30 శాతం మందిలో బల్జ్ కనిపిస్తుందని 2015 నాటి ఒక సమీక్ష తేల్చింది. 80 ఏళ్లకు అది 84 శాతం. రిపోర్టులో ఆ మాట ఉన్నంత మాత్రాన నడుము కదపకూడదని కాదు.

ఇక కాపడం. రబ్బరు బ్యాగుకు మరిగే నీళ్లు వద్దు. మరిగాక దించి పది నిమిషాలు ఆగండి. మూడింట రెండు వంతులే నింపి, పైన గాలి నొక్కి తీసేసి, మూత బిగించి, తలకిందులు చేసి కారుతోందేమో చూడండి. మందపాటి టవల్ చుట్టి, మణికట్టు లోపలివైపు ఆనించండి. వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు. దాని మీద వెల్లకిలా పడుకోవద్దు. ఒంటి బరువుకు ఒకేచోట చర్మం కాలుతుంది, పాత రబ్బరైతే పగులుతుంది. పక్కకు తిరిగి పడుకునో, కుర్చీలో కూర్చుని వెనక పెట్టుకునో 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే చాలు. కరెంటు జెల్ బ్యాగు అయితే ప్లగ్గు తీశాకే ఒంటికి తగలాలి. హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని నిద్రపోవద్దు.

ఉప్పు మూట ఇష్టమా? అర కిలో రాళ్ల ఉప్పును ఇనుప మూకుడులో వేయించి, రెండు పొరల నూలుబట్టలో మూట కట్టండి. ముందు మోచేతి మీద అద్ది చూడండి, ఒకచోట ఉంచకుండా జరుపుతూ ఉండండి. పెనం మీద ఉప్పు మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడెక్కుతుంది. ఊళ్లో అమ్మమ్మలు పోసే వావిలాకు నీళ్ల స్నానం కూడా మంచిదే. ఆకు దొరక్కపోతే వట్టి వేడినీళ్లు చాలు. నొప్పి బామ్ రాసుకున్న చోట మాత్రం కాపడం పెట్టొద్దు, చర్మం కాలుతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లు కాపడానికి దూరంగా ఉండటం మేలు. గర్భిణులు డాక్టరును అడిగాకే పెట్టుకోవాలి. రోజూ పెట్టేచోట గోధుమరంగు వలలాంటి మచ్చలు వస్తే అది వేడి ఎక్కువైన గుర్తు, ఆపేయండి.

కాపడం తీశాక నేల మీద చాప పరచండి. పరుపు కుంగుతుంది, పనికిరాదు. ముందు చేతులు, మోకాళ్ల మీద నిలబడి వీపును నెమ్మదిగా పైకి గుండ్రంగా, కిందికి వంపుగా ఏడెనిమిది సార్లు ఆడించండి. సాగదీయడం కాదు, ఆడించడమే. తర్వాతివి మూడు. కెనడాలో వెన్ను మీద పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ ఎంపిక చేసినవి ఇవి.

మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండు అరచేతులూ నడుము ఒంపు కింద పెట్టి, తలా భుజాలూ కలిపి నేల నుంచి కొంచెమే లేపడం. గడ్డం గుండెకు ఆనిస్తే మెడ పట్టేస్తుంది. రెండోది: పక్కకు పడుకుని, మోచేయి సరిగ్గా భుజం కింద పెట్టి, మోకాళ్ల ఆధారంగా తుంటి లేపడం. భుజం నొస్తే మోచేయి ముందుకు జరిగిందని అర్థం. మూడోది: చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడిచేయి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాపడం, తర్వాత రెండోవైపు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కాలు మరీ ఎత్తితే నడుము వంగిపోతుంది. నడుము మీద సన్నటి పుస్తకం పెట్టుకోండి, అది పడిపోతే కాలు దించండి. ప్రతిదీ 8 నుంచి 10 సెకన్లు నిలపాలి, ఊపిరి బిగబట్టకూడదు. మొదటి విడత 6 సార్లు, రెండో విడత 4, మూడో విడత 2. ఇలా తగ్గిస్తూ పోతే అలసటలో భంగిమ చెడదు.

చివర మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం, 8 సార్లు. తొడ వెనక పట్టేస్తే మడమలు దగ్గరకు తెచ్చుకోండి.

నొప్పి ఎంతవరకు ఓర్చుకోవచ్చు? పదికి నాలుగు దాటకుండా, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వచ్చేస్తుంటే కొనసాగించవచ్చు. నొప్పి నడుము నుంచి పిరుదుకు, పిక్కకు దిగుతుంటే ఆ వ్యాయామం ఆపండి. బాగున్న ఆదివారం ఇల్లంతా తుడిచేసి, సోమ, మంగళవారాలు మంచం పట్టడం చాలా ఇళ్లలో చూసేదే. బాగున్న రోజైనా బాగాలేని రోజైనా అదే కొలత చేయండి. పెంచితే వారానికి కొద్దికొద్దిగానే.

ఈ ఊళ్లో నడుమును తరచూ దెబ్బతీసేది 20 లీటర్ల నీళ్ల క్యాను. అంటే 20 కిలోలు. లేచిన గంటలోపు ఎత్తకండి. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు ముందుకు వంగితే ఒత్తిడి ఎక్కువ. ఎత్తేటప్పుడు తుంటి దగ్గర వంగి, క్యాను పొట్టకు ఆనించుకుని, తిరగాలంటే పాదాలు కదపండి, నడుము తిప్పకండి. వీలుంటే క్యానును నేల మీదే ఉంచి వాడుకునే చేతిపంపు కొనుక్కోండి. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో క్యాబులో కూర్చోక తప్పనప్పుడు చుట్టిన టవల్ నడుము వెనక పెట్టుకోండి. బెల్టు మాత్రం వద్దు. పాత నడుము నొప్పికి బెల్టులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.

నడక తప్పనిసరి. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి తగ్గిన 701 మందిపై చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. క్రమంగా వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడక దాకా వెళ్లినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, మిగతావాళ్లకు 112. పది నిమిషాలతో మొదలుపెట్టండి. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు దగ్గరైతే సరే. లేకపోతే విరిగిన ఫుట్‌పాత్ కన్నా అపార్టుమెంటు ఆవరణే నయం.

మనసు సంగతి వేరే కాదు. నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేక మనసు కుంగుతుంది, కుంగిన మనసుకు అదే నొప్పి పెద్దదవుతుంది. పీజీ గదిలో ఒంటరిగా ఉంటూ, ఊళ్లో అమ్మానాన్నలు కంగారుపడతారని ఫోనులో చెప్పకుండా దాచుకునేవాళ్లకు ఇది ఇంకా బరువు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు పది నిమిషాల వేడినీళ్ల స్నానం నిద్రను త్వరగా తెస్తుంది. రాత్రి పుస్తకంలో రెండు అంకెలు రాయండి: నొప్పి పదికి ఎంత, మనసు పదికి ఎంత. రోజూ పోల్చుకోకుండా వారానికోసారి చూడండి. బెంగళూరు శివార్లలోని జిగణి దగ్గర ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం పాత నడుము నొప్పి ఉన్న 80 మందితో వారం రోజుల శిబిరం నిర్వహించి చూస్తే, యోగా చేసినవాళ్లకు నొప్పితో పాటు ఆందోళన, దిగులు కూడా తగ్గాయి. రెండు వారాలకు పైగా ఏ పనిలోనూ ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నొక్కండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఆరు వారాలు వదలకుండా చేసినా మార్పు లేకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. మంచివారు మీ చేత వ్యాయామం చేయించి, తప్పులు దిద్ది, వచ్చే వారానికి ఏం పెంచాలో రాసిస్తారు. రోజూ మెషీన్ పెట్టి, పది నిమిషాలయ్యాక పంపించేస్తుంటే ఇంకొకరిని వెతుక్కోండి.