లెపర్డ్ గెక్కో ట్యాంకు అడుగున ఏం పరవాలి?

లెపర్డ్ గెక్కోని ఎడారి జీవి అనుకుని, ట్యాంకు నిండా మెత్తటి ఇసుక పోయడం చాలామంది చేసే పని. ఇది అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని పొడి ప్రాంతాల బల్లి. అయితే అక్కడ అది తిరిగేది ఇసుక దిబ్బల మీద కాదు. బంకమట్టి ఎండి గట్టిపడిన నేల, రాళ్లు, వాటి మధ్య కొంచెం ఇసుక, పగటి ఎండ నుంచి దాక్కోవడానికి బండల కింద సందులు: దాని ఇల్లు అదీ. గోడ బల్లిలా దీని వేళ్లకు అంటుకునే మెత్తలు ఉండవు, గోళ్లే ఉంటాయి. కాబట్టి కాలు జారకుండా, కూరుకుపోకుండా, గోరు పట్టు దొరికే గట్టి నేల కావాలి. సబ్‌స్ట్రేట్, అంటే ట్యాంకు అడుగున పరిచే పదార్థం, ఎంపికలో మొదట చూడాల్సింది ఇదే.

రెండోది వేడి. ట్యాంకుకి వేడి కింది నుంచి వస్తుందా, పైనుంచి వస్తుందా తేల్చుకోకుండా సబ్‌స్ట్రేట్ కొనకూడదు. అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పల్చటి చాప) ఉంటే పల్చటి, వేడిని పైకి పంపే పరుపు కావాలి: టైల్స్ లేదా పేపర్ టవల్. హీట్ మ్యాట్ మీద మందంగా మట్టి పోస్తే వేడి పైకి రాక కింద గాజు దగ్గరే పేరుకుపోతుంది. పైన గెక్కో చల్లగా ఉంటుంది, తవ్వుకుంటూ అడుగుకి వెళ్తే పొట్ట కాలుతుంది. మట్టి పోయాలనుకుంటే పైనుంచి హాలోజన్ బల్బు గానీ డీప్ హీట్ ప్రొజెక్టర్ (వెలుగు లేకుండా వేడిని మాత్రమే ఇచ్చే దీపం) గానీ పెట్టాలి. ఏ పద్ధతైనా థర్మోస్టాట్ (వేడిని హద్దులో ఉంచే పరికరం) లేకుండా వద్దు. వెచ్చని వైపు నేల పైభాగం 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 24 నుంచి 26 ఉండాలి. గాలి వేడి కొలిస్తే చాలదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గెక్కో పొట్ట ఆనే చోటనే కొలవండి.

వేడి ఇంత ముఖ్యం కావడానికి కారణం ఇంపాక్షన్, అంటే మింగిన పదార్థం పేగులో అడ్డుపడడం. నింద మొత్తం ఇసుక మీద పడుతుంది గానీ, ఆరోగ్యంగా ఉన్న గెక్కో పొరపాటున మింగిన కొద్ది రేణువులు మామూలుగా రెట్టతో బయటికి పోతాయి. నేల చల్లగా ఉండి జీర్ణం మందగించినప్పుడు, నీళ్లు తక్కువైనప్పుడు, కాల్షియం లోపంతో పేగు కదలిక తగ్గినప్పుడు, కడుపులో పురుగులు ఉన్నప్పుడు అవే రేణువులు పేరుకుపోతాయి. గెక్కో పదే పదే నేలని నాకుతోందంటే తరచూ కాల్షియం కొరతే కారణం. సబ్‌స్ట్రేట్ మార్చడం కంటే ముందు చిన్న మూతలో విటమిన్ డి3 కలపని కాల్షియం పొడి పెట్టి, మేతగా వేసే కీచురాళ్లకు పొడి సరిగ్గా అద్దుతున్నారో లేదో చూసుకోండి.

పిల్ల గెక్కోకి, కొత్తగా ఇంటికి తెచ్చినదానికి, జబ్బుగా ఉన్నదానికి పేపర్ టవల్ తప్ప ఇంకో ఆలోచన అక్కర్లేదు. రంగు, వాసన లేని తెల్లటి రకం తీసుకుని రెండు మూడు పొరలు పరవండి. తెల్ల కాగితం మీద రెట్ట రంగు, గట్టితనం, తెల్లటి యూరేట్ భాగం (గట్టిపడిన మూత్రం), జీర్ణం కాని పురుగు ముక్కలు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. కొత్త గెక్కోని కనీసం 30 రోజులు కాగితం మీదే ఉంచి, ఈలోపు రెట్ట పరీక్ష చేయించాలి. క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవి ఉంటే బ్లీచ్ లాంటి మామూలు క్రిమినాశినులకు అది లొంగదు. కాగితమైతే తీసి పారేయొచ్చు, మట్టిలోకి చేరితే మొత్తం ఎత్తిపోయాల్సిందే. పిల్లలకు గురి తక్కువ, పురుగుని పట్టబోయి నేలని కొరుకుతాయి. అందుకే కనీసం ఆరు నెలల దాకా కాగితం నుంచి వేరే నేలకి మార్చకండి. కాగితం జారకుండా టేపు మాత్రం వేయవద్దు. దాని జిగురుకి గెక్కో చర్మం అతుక్కుంటే లాగినప్పుడు ఊడొస్తుంది. అంచుల మీద గెక్కో దాక్కునే గూళ్లు, రాళ్లు పెడితే చాలు.

ఎదిగిన గెక్కోకి, ముఖ్యంగా హీట్ మ్యాట్ వాడేవారికి, మా మొదటి ఎంపిక టైల్స్. స్లేటు రాయి, లేదా గ్లేజు లేని గరుకు సిరామిక్. నునుపైనవి వద్దు: కాళ్లు జారతాయి, గోళ్లు అరగవు. ట్యాంకు లోపలి కొలతలు తీసుకోండి, బయటివి కాదు. 90×45 సెం.మీ. అడుగుకి 30×30 టైల్స్ ఐదు సరిపోతాయి: మూడు పూర్తివి ఒక వరుస, మిగతా రెండిటిని సగానికి కోసి వచ్చే నాలుగు ముక్కల్లో మూడు రెండో వరుస. ప్రతి వైపూ 3 మి.మీ. తక్కువగా కోయిస్తే గాజుని నొక్కకుండా కూర్చుంటాయి. కోసిన అంచుని ఉప్పుకాగితంతో రుద్ది, వేడి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. గాజు మీద టైల్ ఊగుతుంటే కింద ఒక పొర పేపర్ టవల్ వేయండి. టైల్స్ మధ్య సందుల్లో కీచురాళ్లు దూరి రాత్రి గెక్కోని కొరుకుతాయి కాబట్టి వాటిని పొడి మట్టితో గట్టిగా నింపాలి. సిలికాన్‌తో అతికించకపోవడమే మంచిది, ఎప్పుడైనా తీసి కడుక్కోవచ్చు. టైల్ నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. మ్యాట్ వేసిన కొన్ని గంటల తర్వాతే కొలిచి థర్మోస్టాట్ సర్దండి.

తవ్వడం, పక్కకి నెట్టడం, తనకు నచ్చినట్టు గుంత చేసుకోవడం ఈ జీవికి ఇష్టం. ఆ అవకాశం ఇవ్వాలంటే మట్టి మిశ్రమమే మార్గం, ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెక్కోకి అది నిజంగా మంచిది కూడా. 70 పాళ్లు టాప్‌సాయిల్ (నేల పైపొర మట్టి), 30 పాళ్లు కడిగిన ప్లే సాండ్ (పిల్లలు ఆడుకునే శుభ్రమైన ఇసుక). టాప్‌సాయిల్‌లో ఎరువు, పురుగుమందు, పెర్లైట్, వర్మిక్యులైట్ (మట్టిని గుల్లగా ఉంచడానికి కలిపే తేలికైన ఖనిజ రేణువులు) ఏదీ ఉండకూడదు. కుండీలకు అమ్మే పాటింగ్ మిక్స్‌లో ఇవన్నీ ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. పొలం మట్టి తెచ్చి పోయకండి, అందులో ఏ మందు చల్లారో తెలియదు.

90×45 ట్యాంకులో 8 సెం.మీ. లోతుకి దాదాపు 32 లీటర్ల మిశ్రమం పడుతుంది, అంటే 23 లీటర్ల మట్టి, 10 లీటర్ల ఇసుక. ఇసుక మట్టి సందుల్లోకి దిగి మొత్తం కుంగుతుంది కాబట్టి కాస్త ఎక్కువే ఉంచుకోండి. మట్టి జల్లించి పుల్లలు, రాళ్లు తీసేయండి. పొడిగా ఉన్నప్పుడే ఇసుక కలిపి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, నీళ్లు కారకూడదు. ముద్దని వేలితో పొడిస్తే రెండు మూడు పెళ్లలుగా విరగాలి. పొడిపొడిగా రాలిపోతే బంకమట్టి కొంచెం కలపండి.

మట్టి పోసే ముందు బరువైన రాళ్లు, గూళ్లు నేరుగా గాజు మీదే పెట్టి, వాటి చుట్టూ మట్టి నింపాలి. మట్టి మీద రాయి పెడితే గెక్కో దాని కింద తవ్వుతుంది, రాయి దిగి నలిపేస్తుంది. మట్టిని చేత్తో అదిమి గట్టిపరచి, పైపొర పూర్తిగా ఎండేదాకా, అవసరమైతే వారం పాటు, బల్బు వేసి ఆరనివ్వండి. తడి నేల మీద రోజంతా ఉంటే పొట్ట చర్మానికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మేత పట్టకారుతో గానీ, నునుపైన గోడలున్న గిన్నెలో గానీ ఇవ్వండి, నోట్లోకి మట్టి తక్కువ పోతుంది.

కాల్షియం ఇసుక అనే పేరుతో అమ్మేది మాత్రం ఎవరూ కొనకూడదు. అది కాల్షియం కార్బొనేట్ రేణువులు. కాల్షియం రుచికి గెక్కో కావాలనే తింటుంది, తడి తగిలి అది కడుపులో గడ్డ కడుతుంది. అక్రోటు పెంకు పొడి గరుకుగా ఉండి పేగుని కోస్తుంది. దేవదారు, పైన్ చెక్క పొట్టులోని నూనెలు ఊపిరితిత్తులకు చేటు. పిల్లి లిట్టర్, మొక్కజొన్న కంకి ముక్కలు, గెక్కో తల కంటే చిన్న గులకరాళ్లు కూడా వద్దు. సరీసృపాల ట్యాంకుల కోసం అమ్మే రెప్టైల్ కార్పెట్ మీద మాకు మంచి అభిప్రాయం లేదు: పోగుల్లో గోళ్లు, పళ్లు చిక్కుకుని ఊడతాయి, ఎంత ఉతికినా లోపల మురికి మిగులుతుంది.

నేల ఏదైనా తేమ గూడు ఒకటి విడిగా ఉండాలి. మూత ఉన్న డబ్బాకి గెక్కో దూరేంత రంధ్రం చేసి, అంచు నునుపు చేసి, లోపల తడిపి పిండిన పేపర్ టవల్ గానీ స్ఫాగ్నమ్ నాచు గానీ వేసి ట్యాంకు మధ్యలో పెట్టండి. ఇది లేకపోతే కుబుసం వేళ్లకు బిగుసుకుపోయి, రక్తం ఆడక వేళ్లు ఊడతాయి.

ఈ గెక్కోలు సాధారణంగా ఒకే మూలకి వెళ్లి రెట్ట వేస్తాయి. ఆ మూల గుర్తుపట్టి అక్కడ ఒక టైల్ ముక్క పెడితే శుభ్రం చేయడం సులువు. రెట్ట రోజూ తీయాలి. కాగితం మురికైన ప్రతిసారీ, లేకున్నా వారానికోసారి మార్చాలి. టైల్స్ వేడి నీళ్లతో తుడవాలి, ఫినాయిల్ రకాలు ట్యాంకు దగ్గరికే రాకూడదు. మట్టిని మూడు నాలుగు నెలలకోసారి పూర్తిగా మార్చాలి.

కాగితం నుంచి మట్టికి మార్చేటప్పుడు ముందు ఒక పెట్టెలో మట్టి పోసి ట్యాంకులో ఒక పక్కన పెట్టి, రెండు వారాలు రెట్ట గమనించండి. అందులో ఇసుక ఎక్కువగా కనిపిస్తే పెట్టె తీసేసి వేడి, కాల్షియం మళ్లీ సరిచూడండి. తిండి మానేసి, రోజుల తరబడి రెట్ట వేయక, పొట్ట ఉబ్బి, ముక్కుతూ కనిపిస్తే నోట్లో నూనె పోయడం వంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా సరీసృపాలు చూసే పశువైద్యుడి దగ్గరికి అదే రోజు తీసుకెళ్లాలి. వెంట తాజా రెట్ట ఉంటే అదీ, వాడుతున్న సబ్‌స్ట్రేట్ గుప్పెడూ తీసుకెళ్లండి.